మూడు టన్నుల తుపాకీ

మా కర్దనూర్‌లో ధర కట్టడం రానివాడు లేడు. ఔటర్ రింగు రోడ్డు పడ్డప్పటి నుంచి చాయ్ హోటల్లో కూర్చున్న ప్రతివాడూ భూముల నిపుణుడే. ఏ సర్వే నంబర్లో గజం ఎంత పలుకుతోంది, రోడ్డు బిట్టుకెంత, లోపలి బిట్టుకెంత, ఈశాన్యం తగ్గితే ఎంత తెగ్గొట్టాలి, అన్నీ చాయ్ చల్లారేలోపు చెప్పేస్తారు. అట్లాంటి ఊళ్లో మా బాపు వదిలిపోయిన డబుల్ బ్యారెల్ తుపాకీ ఎంత చేస్తుందంటే మాత్రం అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. తుపాకీకి ఈశాన్యం ఎటో ఎవరికీ తెలియదు మరి.

తాత నుంచి బాపుకు, బాపు నుంచి మాకు వచ్చిన ఆస్తుల్లో ఇంట్లో పెట్టుకోవడానికి వీల్లేనిది ఇదొక్కటే. లైసెన్సుదారు పోతే తుపాకీని ఠాణాలోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో జమ చేయాలని ఆయుధాల చట్టం. మేం హైదరాబాద్‌లో ఒక దుకాణంలో జమ చేశాం. అప్పటి నుంచి అది నెలనెలా కిరాయికి సిటీలో ఉంటోంది. బాపు బతికున్నప్పుడూ దానికి ఇల్లు పట్టింది తక్కువే. అసెంబ్లీ అని, పార్లమెంటు అని, సర్పంచ్ అని ఎన్నికల కోడ్ కూసినప్పుడల్లా పోయి ఠాణాలో కూర్చునేది. మా ఇంట్లో ప్రజాస్వామ్యం కోసం అంతగా జైల్లో ఉన్నవాళ్లు ఇంకెవరూ లేరు.

అమ్మాలంటే వారసులందరూ అభ్యంతరం లేదని రాసివ్వాలి. సంతకం అడిగితే అందరిదీ ఒకటే మాట: "ఎంతొస్తదట?"

మా చిన్నాయన తడుముకోలేదు. "మహబూబ్ పాషా మా తాతకు ఇనాం ఇచ్చిండు. నూటయాభై ఏండ్ల బందూక్. మ్యూజియపోళ్లు కండ్లకద్దుకొని తీస్కుంటరు." ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు వేటంటే ప్రాణం, నిజమే. ఆయన 1911లో పోయారు గానీ, ఆయనిచ్చిన ఇనాములు మాత్రం మా జిల్లాలో ఇంకా పుడుతూనే ఉన్నాయి.

డాలస్‌లో ఉన్న బావ రాత్రికి రాత్రి లెక్క పంపాడు. అక్కడ పాత తుపాకుల ధరలకు ఏకంగా ఒక పుస్తకమే ఉందట. అసలు రంగు నూటికి ఎన్ని పాళ్లు మిగిలిందో చూసి ధర చెబుతుందట. బావ తొంభై పాళ్లు వేసుకుని, డాలర్లను రూపాయల్లోకి మార్చి, అందులో తన వాటా కింద గీత కూడా గీసి పంపాడు.

పాశమైలారంలో ఫ్యాక్టరీలో చేసే మా అల్లుడికి ఆ తొంభై పాళ్లు కూడా చాలలేదు. "మామా, మా కంపెనీల బఫింగ్ కొట్టించి క్రోమ్ ప్లేటింగ్ చేయిస్త. పెండ్లికొడుకు లెక్క అయితది సూడు." లైసెన్సు లేకుండా తుపాకీని బఫింగ్ చక్రం దాకా మోసుకుపోతే పెళ్లికొడుకు అయ్యేది ఎవరో, అత్తారిల్లు ఎక్కడో వాడికి విడమర్చి చెప్పాల్సి వచ్చింది.

చివరికి చిన్నాయనను వెంటబెట్టుకుని దుకాణానికి పోయాను. అక్కడి కళ్లద్దాల ముసలాయన తుపాకీ ముందు కట్టెను ఊడదీసి, జోడు గొట్టాలను విడిగా పట్టుకుని, వేలికి వేలాడదీసి కణుపుతో కొట్టాడు. ఖంగుమంది. "అతుకు ఊడలేదు," అన్నాడు. అతుకు ఊడితే గరగరమంటుందట. తర్వాత గొట్టాన్ని ట్యూబులైటు వైపు ఎత్తి కన్ను పెట్టాడు, మమ్మల్నీ చూడమన్నాడు. కుడి గొట్టం అద్దం. ఎడమ దాంట్లో తూటా కూర్చునే చోటుకు కొంచెం ముందు తుప్పు తిన్న గుంటలు, మశూచి మచ్చల్లా. చిన్నాయన చూసి "మచ్చలు ఉంటెనే పాతదని గుర్తు" అన్నాడు. ముసలాయన ఏమీ అనలేదు.

గొట్టాలు తిప్పి అడుగు భాగం చూపించాడు. అసలు జాతకం అక్కడుంది. చిన్న కిరీటం, దాని కింద బీఎన్‌పీ, పన్నెండు, రెండున్నర అంగుళాలు, ఆ పక్కన 3 టన్నులు.

"మూడు టన్నులా? లారీ లోడా ఏంది?" అన్నాడు చిన్నాయన.

చదరపు అంగుళానికి తట్టుకునే ఒత్తిడి అట. ఇంగ్లండులో తుపాకీని అమ్మేముందు పరీక్షశాలలో ఎక్కువ మందు దట్టించి పేల్చి, పగలకపోతేనే ముద్ర వేస్తారు. బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచీ ఆ పని చేసే శాల ఉంది. "ఈ టన్నుల లెక్క ముద్ర 1954 తర్వాతిది సాబ్," అన్నాడాయన.

అంటే మహబూబ్ పాషా పోయిన నలభై మూడేళ్లకు గానీ ఈ తుపాకీ పుట్టలేదు. పురావస్తువు అనాలంటే 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్లు నిండాలి, అదీ లేదు. చిన్నాయన రెప్ప వాల్చలేదు. "అయితే ఉస్మాన్ పాషా ఇచ్చి ఉంటడు."

"ఆయన సిగరెట్టే ఇయ్యడని అంటరు సాబ్, బందూక్ ఇస్తడా?" అన్నాడు ముసలాయన. 1954లో ఆ ఏడో నిజాం ఉత్త రాజప్రముఖ్ అన్న మాట నేను కలపలేదు. దెబ్బ మీద దెబ్బ ఎందుకని.

నన్ను తొలిచిందల్లా పులి సంగతి. తాత నర్సాపూర్ అడవిలో ఈ తుపాకీతోనే పులిని కొట్టాడని మా వంశగాథ. మేనత్త చెప్పినప్పుడు అది అడవిపంది, బాపు చెప్పినప్పుడు చిరుత, చిన్నాయన నోట్లో పడేసరికి తొమ్మిదడుగుల పెద్దపులి. కానీ 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక చిన్నాయన ఒక జాగ్రత్త పాటిస్తున్నాడు. పులి ఎంత పెరిగినా దాని చావు మాత్రం ఆ ఏడాది దాటదు. ఇప్పుడు ఇటు కూడా హద్దురాయి పడింది. 1954కూ 1972కూ నడుమ ఎప్పుడో సర్దుకోవాలి పాపం ఆ పులి.

ఇక ధర తెగ్గోత మొదలైంది. గొట్టం రెండున్నర అంగుళాల తూటాకు చేసింది, ఇప్పుడు ఎక్కువగా దొరికే రెండుముప్పావు తూటా అందులో పేల్చకూడదు. కొంత పోయింది. ఎప్పుడో దసరాకు ఆయుధపూజ అని చిన్నాయన కిరసనాయిల్ పోసి గరుకు కాగితంతో తోమాడు. నల్లటి అసలు రంగు, చెక్కిన తీగలు పోయాయి, కంపెనీ పేరు 'వెబ్లీ అండ్ స్కాట్'లో వెబ్లీ అరిగిపోయి పక్కన స్కాట్ ఒక్కడే మిగిలాడు. చాలా పోయింది. "ఇదే కంపెనీ రివాల్వర్ ఉంటే చెప్పండి," అన్నాడు ముసలాయన ఆశగా. విదేశీ ఆయుధాల దిగుమతి ఎనభైల్లోనే ఆగిపోయింది కాబట్టి పాత ఇంగ్లీషు రివాల్వర్‌కు ఇక్కడ వజ్రాల ధర. వేట తుపాకీకి ఆ యోగం లేదు, వేటే లేదు కనుక. పైగా 2019లో మనిషికి మూడు ఆయుధాల హద్దును రెండుకు దించారు. ఎవరైనా రివాల్వర్ ఉంచుకుని ముసలి డబుల్ బ్యారెల్‌నే వదిలించుకుంటారు గదా. ఆ దుకాణం గోడ నిండా అవే, వృద్ధాశ్రమం.

ఆయన చెప్పిన అంకెను చిన్నాయన వెంటనే మా ఊరి భాషలోకి మార్చాడు. "అంటే వరండల చెప్పులు ఇడిసే జాగంత!"

కొనడానికి వచ్చింది రిటైరైన హవల్దారు, బ్యాంకులో గార్డు ఉద్యోగం దొరికిందట. సొంత తుపాకీ, లైసెన్సు ఉంటే జీతం కొంచెం ఎక్కువట. ముద్రలు చూడలేదు, గొట్టంలోకి చూడలేదు. భుజాన తగిలించుకుని దుకాణంలో నాలుగడుగులు నడిచాడు. "మూడు కిలోలుంటది. ఎనిమిది గంటలు నిలబడాలె గద," అన్నాడు. పట్టీకి కొక్కెం మీరే వేయించాలన్నాడు. బేరం కుదిరింది. పోలీసులకు రాతపూర్వకంగా తెలిపి నలభై అయిదు రోజులు ఆగాకే చేతులు మారాలని ముసలాయన కాగితాలు తీశాడు.

చిన్నాయన మాత్రం కుర్చీలోంచి లేవలేదు. హవల్దారును పక్కన కూర్చోబెట్టుకుని, "ఇంకొకటి ఉన్నది తమ్మీ, బందూక్‌తోటి వచ్చేది. మా నాయన పులిని గొట్టిన కత," అన్నాడు.

"చెప్పున్రి కాకా," అన్నాడు హవల్దారు. "నైట్ డ్యూటీల పనికొస్తది."