బావగారి మహానైవేద్యము

సులభముగా బ్రదుకు ప్రాణిని పెంచుట తమ స్థాయికి తక్కువ యని భావించువారు మన బంధువర్గములలో ఒక్కొక్కరైనను ఉందురు. పెరటిలో దానంతట అది పూచు నందివర్ధనమును కొట్టించి ఊటీ గులాబీకి నీడపందిరి వేయించువారును, వీధికుక్కను కసరి మంచుదేశపు కుక్కకు ఏ.సీ. గది కేటాయించువారును ఈ తెగవారే. మా అక్కయ్య భర్త, అనగా మా బావగారు, ఈ తెగకు శిరోభూషణమని నేననుట బావమరిదిగా నాకు సంక్రమించిన హక్కుచేత మాత్రమే కాదు. ఒక వేసవి టెక్సాసు రాష్ట్రమున వారి యింట అతిథిగా నుండి, ఆ గృహమున నాకన్న గొప్ప అతిథి మరియొకటి కలదని తెలిసికొనిన అనుభవముచేత కూడ.

ఆ అతిథి నివాసము ముందుగదిలోని 75 లీటర్ల గాజుతొట్టి. కాకినాడలో పుట్టి పెరిగి, సముద్రపుటొడ్డునకు పోవుట కాలహరణమని తలచిన ఈ మహానుభావుడు, సముద్రము నాలుగైదు గంటల కారు ప్రయాణదూరముననున్న డాలస్ చేరిన పిదప, లీటరొకటికి 35 గ్రాముల చొప్పున ప్రత్యేకమైన ఉప్పును కొని కలిపి, తనకు వలసిన సముద్రమును తానే తయారు చేసికొనుట ప్రారంభించిరి. అందులో పెంచునవి పగడములు. పగడమనగా కుజదోషపరిహారార్థము ఉంగరమున పొదిగించుకొను ఎర్రరాయి యని నేనెరిగిన పరిజ్ఞానమును బావగారు మొదటి సాయంకాలముననే నిర్మూలించిరి.

దిబ్బలు కట్టు పగడపుజీవులలో పెక్కింటి దేహములయందు సూక్ష్మమైన నాచుకణములు కాపురముండును. అవి వెలుతురుతో వండిన ఆహారమున అధికభాగమును ఆశ్రయమిచ్చిన పగడమే భుజించును గనుక, యజమాని దీపము వెలిగించి నీటిని శుభ్రముగా నుంచిన చాలును. అట్టివానిని బావగారు కన్నెత్తి చూడరు. “అవి పెన్షనర్లోయ్, కూర్చుని తింటాయి” అని నా వంక చూచుచు అందురు. నేను ఉద్యోగవిరమణ చేసినవాడనని వారికి తెలియును. వారి అభిమానమంతయు ఆ కణములు లేని మెత్తని పగడములపైననే. వానిలో పట్టమహిషి డెండ్రోనెఫ్తియా. గులాబి, నారింజ, కుంకుమ వర్ణములతో ఒడలెల్ల వికసించు అద్భుతసౌందర్యము గలది, గృహస్థుల తొట్లలో అల్పాయుష్కురాలని ప్రసిద్ధి కెక్కినది. దీపమువలన దానికి కడుపు నిండదు. ప్రవాహమున కొట్టుకొనివచ్చు కంటికానని ఆహారమును, చీలికలు చీలికలైన ఎనిమిదేసి చేతులతో అడ్డగించి తినవలసినదే. సముద్రమున నిరంతరము భోజనము మోసికొనివచ్చునది ప్రవాహము. డాలసులో మోసికొనివచ్చువారు మా బావగారు. ఎర్రసముద్రమున ఈ జాతి పగడము ప్రధానముగా సూక్ష్మమైన నాచును తిని జీవించునని 1995లో ‘సైన్స్’ పత్రికలో ఫాబ్రీషియస్, బెనయాహు, గెనిన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన వ్యాసము వారికి వేదవాక్యము. ఎవరైనను “ఎందుకండీ ఈ శ్రమ?” అని అడిగిన, ఆ ముగ్గురి నామములను ప్రవరయందు ఋషులను స్మరించునట్లు స్మరించి గాని ప్రత్యుత్తరమీయరు.

ఇచట నొక పాతబాకీ తీర్చుకొనవలసియున్నది. క్రొత్తయల్లుడుగా మా యింటికి వచ్చిన దినములలో మా నాయనమ్మగారి మడిని చూచి బావగారు చేసిన పరిహాసములకు అంతులేదు. దండెముపై ఆరుచున్న మడిబట్టను కావలెనని తాకుటయు, “సూక్ష్మజీవులకు మీ మడి సంగతి తెలుసాండీ?” అని ఆ వృద్ధురాలిని వినయము నటించుచు ప్రశ్నించుటయు వారి నిత్యవినోదములు. నాయనమ్మ నేడు జీవించియుండి డాలస్ పోయి చూడవలసినది! తొట్టి యున్న గదిలో అగరువత్తి వెలిగింపరాదు, దోమలమందు చల్లరాదు, తలకు నూనె రాసికొనినవారు మూత తీయరాదు, సబ్బుతో కడిగిన చేతిని మరల మరల వట్టినీటితో కడిగిన గాని లోన ముంచరాదు. కుళాయినీరు మైల, వడపోతయంత్రముల వరుసలో సర్వలవణములను విసర్జించిన నీటికి వేరు బకెట్టు, వేరు గొట్టము. ఆ బకెట్టున నొకనాడు అక్కయ్య మినపపప్పు నానవేసినందుకు క్రొత్త బకెట్టు కొనబడెను. ఆ సాయంకాలము భోజనముకడ ఎవ్వరును మాటాడలేదు. ఫ్రిజ్జులోని క్రింది అర ఆకుపచ్చని నానోక్లోరాప్సిస్ అను నాచు సీసాలకు ఆస్థానము. గోంగూరపచ్చడి, ఇడ్లీపిండి తలుపులోనికి నిర్వాసితములైనవి.

తనంతట కాఫీ కలుపుకొనుట నేటికిని రాని ఈ మనిషి రాత్రి పది దాటినపిమ్మట వంట చేయుటను నేను కన్నులార చూచితిని. సీసాలోని నాచును ప్రతి గంటకును కొన్ని చుక్కలుగా జారవిడుచుటకు చిన్న పంపు కలదు; అది నిత్యభోగము. మహానైవేద్యము రాత్రి. యూటా రాష్ట్రపు గ్రేట్ సాల్ట్ లేక్‌నుండి వచ్చిన ఆర్టీమియా గ్రుడ్లు చూచుటకు గోధుమరంగు ధూళి. ఉప్పునీటి సీసాలో గాలిబుడగల నడుమ ఒక దినముండినచో, రొయ్యపిల్లలవలె చలించు ప్రాణులగును. టార్చిని సీసా ప్రక్కన పెట్టగా పిల్లలు వెలుగును చేరును, ఒట్టి పెంకులు పైకి తేలును. వానిని వేరుచేసి, సన్నని జల్లెడలో కడిగి, బావగారు దీపములార్పి, నుదుట ఎర్రలైటు కట్టుకొని మోకాళ్లపై కూర్చుండెదరు. చిల్లీ కోరల్ అను మిరపకాయ వంటి పగడమొకటి వారివద్ద రాతిచూరుకు తలక్రిందులుగా వ్రేలాడుచు, పగలెల్ల ముడుచుకొని, చీకటిలో తెల్లని పుష్పములను విప్పును. పిల్లనగ్రోవి వంటి గొట్టముతో ఆ పుష్పముల మీదుగా ఆహారమును వదలుచు, “తింటోంది, తింటోంది” అని ఆయన గుసగుసలాడునపుడు ఆ ముఖమున కనబడు వాత్సల్యమును నేను మా మేనకోడలి అన్నప్రాశనమునాడు కూడ చూచియెరుగను. పరిహాసమునకై పోయినవాడను, ఆ క్షణమున నోరు మెదపలేకపోతిని.

అయినను ఈ సాధనలో నొక ధర్మసంకటము కలదు. బావగారి రక్తపోటునకు మూలము అదియే. కడుపు నిండ పెట్టినచో మిగిలిన అన్నము క్రుళ్లి నీటిలో నైట్రేటు, ఫాస్ఫేటు పెరుగును. నీటిని నిర్మలముగా నుంచినచో ప్రాణి పస్తుండును. మహాసముద్రమునకు ఈ బాధ లేదు. 75 లీటర్ల సముద్రమునకు ప్రతి చుక్కయు లెక్కయే. కావున ఒక చేత వడ్డించుచు, రెండవ చేత బకెట్టుతో నీరు తోడుచు, పరీక్షనాళికలోని రంగును రంగుల పట్టికతో సరిపోల్చుకొనుచు వారి శనివారములు గడచిపోవును. ఇంత చేసినను మొదటి డెండ్రోనెఫ్తియా వారము వారమును కొంచెము కొంచెముగా కుంచించుకొనిపోయెను. “పోయినట్టుందండీ” అని అక్కయ్య అనగా, “పోవడమేమిటి? విశ్రాంతి తీసుకుంటోంది” అనిరి. అది నెలకు పైగా విశ్రమించి, తుదకు వాసన వేసిన పిదప గాని ఆయన అంగీకరింపలేదు.

2021 ఫిబ్రవరిలో టెక్సాసున మంచుతుపాను వచ్చి కరెంటు పోయినపుడు జరిగిన కథను అక్కయ్య నేటికిని నిలుకడగల గొంతుతో చెప్పజాలదు. ఇల్లు క్షణక్షణమునకు చల్లబడుచుండగా, గ్యాసుపొయ్యి మీద కాచిన నీటిని సీసాలలో నింపి తొట్టిలో తేలవేసి, బ్యాటరీ పంపు బిగించి, ఇంటనున్న రజాయిలన్నియు తెచ్చి బావగారు తొట్టికి చుట్టిరట. “మరి నాకు?” అని అడిగిన ధర్మపత్నికి, ఆమె పెండ్లికి మా తండ్రిగారు పెట్టిన శాలువ బీరువాలో నున్నదని సూచించిరట. తొట్టిలో ఒక్క ప్రాణియు చావలేదు. ఆ శాలువ మాత్రము నేడు వారి సంభాషణలలో ప్రస్తావనార్హము కాదు.

ఈ వ్యసనమును స్వదేశమునకు తరలింపుమని నేనొకమారు సలహా చెప్పగా, సముద్రపువిసనకర్రలు అను పగడములను మన ప్రభుత్వము 2001లోనే వన్యప్రాణి సంరక్షణచట్టపు మొదటి షెడ్యూలులో, పులి సరసన చేర్చినదని గర్వముగా సెలవిచ్చిరి. వారి తొట్టిలో అట్టిదొకటి కలదు. అనగా మన దేశములోనైనచో మా అక్కయ్య పులితో కాపురము చేయుచున్నట్లే. ఈ మాట ఆమెతో అనినప్పుడు తనకు క్రొత్తగా తెలిసినదేమియు లేదనినది.

పోయిన నెల బావగారు ఫోను చేసి నా మోకాళ్ల నొప్పిని గూర్చి అపూర్వమైన శ్రద్ధతో విచారించిరి. అమెరికా వీసా పదేండ్లకు ఇచ్చియుండిరి కదా యని జ్ఞాపకము చేసిరి. అచటి పొడిగాలి నా కీళ్లకు మంచిదని వైద్యుని ధోరణిలో ఉపదేశించిరి. ఇదివరకు వారు ఊరు వెళ్లినపుడు తొట్టిని కనిపెట్టియుండిన ప్రక్కయింటి తమిళ యువకుడు ఇల్లు మారిపోయెననియు, పోవునప్పుడు చిరునామా యీయలేదనియు అటుపిమ్మట మెల్లగా బయటపడినది. టికెట్టు తామే తీయుదుమనిరి. నాకు ఎక్కడలేని ఆత్మాభిమానము పుట్టుకొనివచ్చి, నేను పెన్షనరునే గాని పరిచారకుడను కానని చెప్పుటకు గొంతు సవరించుకొంటిని.

“టికెట్టు సంగతి తరవాత చూద్దాం గాని బావా, ఆ మిరపకాయ ఇప్పుడు రాత్రి ఎన్నింటికి విచ్చుకుంటోంది?” అని నా నోట వెలువడినది.

ఫోను ఆవలినుండి అక్కయ్య గొంతు వినబడెను: “రామ రామ! వీడు కూడానా!”