పన్నెండు నాటికలు, ఒకటే పడక్కుర్చీ

నాటిక పోటీల ఫ్లెక్సీ మీరూ చూసే ఉంటారు. రాజమండ్రి కోటగుమ్మం దగ్గర స్తంభానికి ఒకటి, దేవీచౌక్‌లో ఒకటి, పుష్కరఘాట్‌కి వెళ్లే దారిలో గాలికి సగం చిరిగి వేలాడుతూ ఇంకొకటి. నాలుగు రాత్రులు, పన్నెండు నాటికలు, కింద గులాబీరంగులో ‘వైవిధ్యభరిత ఇతివృత్తాలు’. నాటికల పేర్ల కంటే పోషకుల ఫొటోలే పెద్దవి. లెక్కపెట్టాను, పదిహేడు. ఆ పదిహేడు మొహాల్లో ఉన్నంత వైవిధ్యం ఆ పన్నెండు నాటికల్లో ఉండుంటే నాకీ కాగితం ఖర్చు తప్పేది.

వెళ్లాను. నాలుగు రాత్రులూ వెళ్లాను. మూడో వరస, ఫ్యాను కింద కుర్చీ.

మొదటి రాత్రి, మొదటి నాటిక. తెర లేచింది. నడిమధ్యన పడక్కుర్చీ. అందులో నాన్న. నాన్న దగ్గాడు. కొడుకు అమెరికాలో ఉన్నాడు, కోడలు ఫోన్లో ఉంది, పక్కింటి రిటైర్డు మాస్టారు గుమ్మంలో ఉన్నాడు. మాస్టారు లోపలికొచ్చి లోకం ఎలా చెడిపోయిందో ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. చప్పట్లు. ఆఖర్న వృద్ధాశ్రమం నుంచి ఆటో వచ్చింది, ఎర్రలైటు పడింది, ఫ్లూటు మోగింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను. అబద్ధమెందుకు?

రెండో నాటిక. పడక్కుర్చీ. నాన్న. దగ్గు. ఈసారి కొడుకు బెంగళూరులో. టిక్కెట్టు ఖరీదు తగ్గింది గాని బాధ తగ్గలేదు. మూడో నాటికలో మాత్రం నిజంగానే వైవిధ్యం కనిపించింది: కుర్చీలో అమ్మ కూర్చుంది. అమ్మ దగ్గదు. దేవుడి పటానికి దణ్ణం పెట్టి, పమిట చెంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటుంది. న్యాయనిర్ణేతలు ముగ్గురూ చిన్న లైట్లు వెలిగించుకుని ఏదో రాసుకున్నారు. ‘ఇతివృత్తంలో కొత్తదనం’ అనే అయ్యుంటుంది.

రెండో రాత్రికి నేను ఆరితేరిపోయాను. తెర ఇంకా పూర్తిగా లేవకముందే పక్కాయనతో పందెం వేసేవాణ్ణి. పొడిదగ్గయితే కొడుకు ఆఖరి సీనుకి తిరిగొస్తాడు. కఫం దగ్గయితే రాడు. నాన్న చేతిలో పాత ఫొటో ఉంటే పోతాడు, ఉత్తరం ఉంటే పోయాక చదువుతారు. ఎనిమిదింట్లో ఏడు గెలిచాను. ఓడిపోయింది ఒక్కదాంట్లో. నాన్న పాత్రధారికి నిజంగానే జలుబు చేసింది.

అప్పుడు గమనించాను, కుర్చీ ఒకటే. చెక్క పడక్కుర్చీ, ఆకుపచ్చ చారల గుడ్డ, ఎడమచేతి పక్కన గుడ్డ చిరిగితే వేసిన నల్లదారం కుట్టు. హైదరాబాదు నుంచి వచ్చిన సమాజం నాన్నా అందులోనే దగ్గాడు, గుంటూరు నుంచి వచ్చిన నాన్నా అందులోనే పోయాడు, విశాఖ నాన్న అందులోంచే లేచి పిడికిలి బిగించి తెలుగుభాష గురించి మాట్లాడాడు. విరామంలో స్టేజీ వెనక్కి వెళ్లి సెట్టింగులాయన్ని అడిగాను.

“ఆయ్, మందేనండి కుర్చీ. తలుపు ఫ్రేములు రెండు, కిటికీ ఒకటి, తులసికోట ఒకటి, ఈ కుర్చీ. ఇవి చాలండి, ఏ నాటిక్కైనా సరిపోతాయి. వీరవాసరం, పాలకొల్లు, తాడేపల్లిగూడెం అన్నీ తిరిగొచ్చిందండి ఇది.”

ఏ నాటిక్కైనా సరిపోతాయట. తెలుగు నాటక విమర్శలో ఇంత గట్టి వాక్యం నేనెక్కడా చదవలేదు. స్వర్ణనంది, రజతనంది, కాంస్యనంది అంటూ అంత కొట్టుకోవడం దేనికి? కుర్చీకి ఒక నంది ఇచ్చెయ్యండి. అందరికంటే ఎక్కువసార్లు వేదికెక్కింది అదే. డైలాగు మర్చిపోలేదు, మైకు ఎక్కడుందని వెతుక్కోలేదు, తన సీను కాగానే కదలకుండా పడుంది. మా పరిషత్తుల్లో అంత నిగ్రహం ఉన్న నటుణ్ణి ఈమధ్య చూశానా?

సరే, సాంఘికం సంగతి ఇలా ఏడ్చింది, పౌరాణికం ఉందిగా అంటారు. ఉంది. అక్కడ వైవిధ్యం మరీ ఎక్కువ: నాటకం ఒకటి, కృష్ణులు ముగ్గురు. పడకసీనుకి ఒకటో కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు, బడ్జెట్టు కలిసొస్తే మూడో కృష్ణుడు కూడా. హస్తినకి బయల్దేరిన కృష్ణుడు చేరేసరికి మరొకాయన అవుతాడు. దుర్యోధనుడికి అనుమానం రాదు, మనకీ రాదు. రాగానే హార్మోనియం వైపు ఒక చూపు చూసి, పద్యం చివర రాగాన్ని రైలు బ్రిడ్జి పొడుగున సాగదీస్తారు. వన్స్‌మోర్. మళ్లీ సాగదీస్తారు. పాండవుల అయిదూళ్ల బేరం తెల్లవారుజామున మూడైనా తెమలదు. ఆ పద్యాలు రాసిన జంటలో ఒకరు మన కడియంలో పుట్టినవారు, ఇంకొకరు భీమవరం దగ్గర యండగండివారు. తిరుపతి వెంకట కవులు ఇప్పుడొచ్చి చూస్తే రాయల్టీ అడగరు, తమ నాటకంలో మిగతా భాగం ఎక్కడ పోయిందని అడుగుతారు.

సురభి నాటకాలవాళ్లు వచ్చినప్పుడు జనం వస్తారు, లడ్డూలు గాల్లో ఎగిరితే చూడ్డానికి. ఆ లడ్డూలకైనా కాస్త కదలిక ఉంది.

శాలువాల గురించి రాయను. రెండు నాటికల మధ్య గంట సన్మానమో, రెండు సన్మానాల మధ్య గంట నాటికో తెలీని స్థితిలో రాసి ప్రయోజనం లేదు.

నా ఒళ్లు మండింది మాత్రం మూడో రాత్రి. వక్త ఒకాయన మైకు పట్టుకుని ‘కందుకూరి నడయాడిన నేల’ అన్నాడు. పోషకులందరూ తలలూపారు.

అయ్యా, ఆ కందుకూరి ఈ నేల మీద ఊరికే నడయాడలేదు. 1880లో, ధార్వాడ నాటకాలవాళ్లు వచ్చి ఆడిపోయిన ఊపులో, ఇదే రాజమండ్రిలో విద్యార్థులకి వేషాలు వేయించి ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించాడు. అది దేని మీద? ఈ ఊరి కోర్టుల మీద, ప్లీడర్ల మీద, వాళ్ల మీద నమ్మకంతో ఇల్లు గుల్ల చేసుకునే కక్షిదారుల మీద. ప్లీడర్లు ఈ ఊళ్లో పెద్దమనుషులు. పిలిస్తే ముందువరసలో కూర్చునే రకం. వాళ్ల మొహం మీదే ఆడించాడు. ‘బ్రహ్మవివాహం’ రాసి పసిపిల్లని కట్టుకోబోయే ముసలాణ్ణి నవ్వులపాలు చేశాడు. 1881 డిసెంబరు 11న ఇక్కడే మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఆయన పుట్టిన ఏప్రిల్ 16నే తెలుగు నాటకరంగ దినోత్సవం చేసి, ఆయన బొమ్మకి దండ వేసి, బొమ్మ ముందు ఏం ఆడుతున్నాం? పడక్కుర్చీ.

కందుకూరి ముసలాణ్ణి చూసి ఊరు నవ్వింది. మన ముసలాణ్ణి చూసి ఊరు ఏడుస్తోంది. ఎందుకంటే ఊరే ముసలిదైపోయింది. హాల్లో కూర్చున్న రెండువందలమందిలో నూటతొంభైమందికి అరవై దాటాయి, నాతో కలిపి. మన ఎదుట మన బొమ్మే పెట్టి, నువ్వు దేవుడివి, నీ కొడుకు రాక్షసుడు అని చెబుతున్నారు. చప్పట్లు కొట్టకుండా ఎలా ఉంటాం? ఇది నాటకం కాదు, ముఖస్తుతి.

ఆ నాన్న కొడుక్కి కట్నం ఎంత తీసుకున్నాడో పన్నెండు నాటికల్లో ఒక్కటి అడగలేదు. ఆ అమెరికా ఎవరి డబ్బుతో వచ్చింది? ఏ మామగారు ఎక్కడి కొబ్బరితోట అమ్మితే వచ్చింది? ఈ ప్రశ్న 1921లో అడిగేశాడు కాళ్లకూరి నారాయణరావు. పుట్టింది పశ్చిమగోదావరి మత్స్యపురిలో. ‘వరవిక్రయం’లో సింగరాజు లింగరాజు అనే పెళ్లికొడుకు తండ్రిని నిలబెట్టి, వాడు కొడుకుని ఎలా బేరం పెట్టాడో రూపాయి అణా పైసలతో సహా చూపించాడు. మన పడక్కుర్చీలో దగ్గుతున్నది ఎవరనుకున్నారు? లింగరాజే. మేకప్పు మార్చి పెద్దమనిషిని చేశాం.

అదే కాళ్లకూరి రాసిన ‘చింతామణి’ని 2022 జనవరిలో ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో ఆపేసింది. సుబ్బిశెట్టి పాత్ర ఒక కులాన్ని కించపరుస్తోందని. నిజమే, ఆ పాత్రకి దశాబ్దాలుగా బూతు అంటగట్టిన సమాజాలు ఉన్నాయి, టార్చిలైట్ల వెలుగులో ఆడినవాళ్లు ఉన్నారు. ఆ బూతు కాళ్లకూరి రాసింది కాదు. వేశ్యావ్యసనంలో మునిగిన మగవాళ్లని చీల్చి చెండాడిన నాటకం అది. బూతుని ఆపొచ్చు, పుస్తకాన్ని వెనకేసుకు రావొచ్చు. ఆ తర్వాత నేను కూర్చున్న ఏ నాటకసభలోనూ ఒక్క మనిషీ ఆ మాటెత్తలేదు. శాలువాలు మాత్రం సజావుగా కప్పుకున్నారు. ‘మాభూమి’ని నిషేధించిన రోజుల్లో మద్రాసు ప్రభుత్వం భయపడ్డది నాటకానికి. దాన్ని ఊరూరా తిప్పిన ప్రజానాట్యమండలిని నడిపిన గరికపాటి రాజారావుది ఇదే రాజమండ్రి. మనకి ఇప్పుడు భయపడేవాళ్లు ఎవరున్నారు? పుస్తకంలో ఉన్న చింతామణి కోసం నోరు విప్పని మనం స్టేజీ మీద ఏం విప్పుతాం?

అడిగితే, కథలు లేవట. గోదావరి జిల్లాల్లో కథలు లేవట! ఇసుకర్యాంపు మీద అర్ధరాత్రి లారీల వరస చూడండి. ఉప్పెక్కిన రొయ్యలచెరువు పక్కన చచ్చిపోయిన వరిచేను రైతునడగండి. పోలవరంలో ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేసినవాళ్లనడగండి. సంక్రాంతి మూడురోజులూ కోళ్ల బరి పక్కనే కుర్చీలేసుకునేది ఎవరో మనకి తెలీదా? 2022 మేలో కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబెట్టారు. దాని మీద నేను ఒక్క నాటికా చూడలేదు. కోనసీమలో ఎన్ని ఇళ్లలో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఎవరి ఇంట్లోనో అంట్లు తోముతోందో, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారో లెక్కేసుకోండి. ఆ అమ్మ కూడా విదేశంలోనే ఉంది. ఆవిడ పంపే డబ్బుతోనే ఇక్కడ దగ్గుమందు వస్తుంది. ఆవిడకి మాత్రం నాటిక లేదు, ఎందుకంటే ఆవిడ కథలో కూర్చోడానికి ఎవరికీ తీరిక లేదు, కాబట్టి కుర్చీ అక్కర్లేదు.

ఇదంతా ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మా ఆవిడకి ఆవేశంగా చెప్పాను. ఆవిడ పప్పుచారు వడ్డిస్తూ విన్నది. విని, “అంతా బానే ఉంది గాని, మావయ్యగారు దగ్గినప్పుడు మీరు పేపరు అడ్డం పెట్టుకునేవారు” అంది. ఆ తర్వాత నేను మాట్లాడలేదు. ఆ ఒక్క వాక్యం మీద నాటిక రాసే దమ్ము ఈ పన్నెండుమందిలో ఎవరికైనా ఉందా? నాకే లేదు, వ్యాసంలో ఒక మూలకి తోసేశాను.

నాలుగో రాత్రి బహుమతులు ఇచ్చారు. ఉత్తమ ప్రదర్శన మొదటి నాన్నకి, ఉత్తమ ద్వితీయ ప్రదర్శన అమ్మకి. పోషకుల్లో ఒకాయన వచ్చే ఏడు పదహారు నాటికలు వేయిస్తానని ప్రకటించాడు. అర్ధరాత్రి దాటింది. బయట వాన. ఆటో కోసం చూస్తూ స్టేజీ వెనక్కి చేరాను. సెట్టింగులాయన తలుపు ఫ్రేములు విప్పి బండిలోకి ఎక్కిస్తున్నాడు. కాళ్లు పీకుతున్నాయి, ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చోబోయాను.

“వద్దండి గురువుగారూ,” అన్నాడు తాడు ముడేస్తూ. “దగ్గు పట్టుకుంటదండి.”