దస్తీ వేసిన సీటు

నీట్ రాసేది పిల్లలు. కౌన్సెలింగ్ మాత్రం తండ్రులదే. ఈ నియమం ఏ నోటిఫికేషన్‌లోనూ ఉండదు గానీ, మన ఇళ్ళల్లో దీన్ని కాదనే మగాడెవడో చెప్పండి. పిల్ల రెండేళ్ళు నిద్ర మానుకుని చదివి ర్యాంకు తెచ్చుకుంటుంది. అంతవరకూ ఏ సబ్జెక్టుకు ఎన్ని ప్రశ్నలో కూడా తెలియని తండ్రి ఆ రోజు కళ్ళజోడు సవరించుకుని, "ఇంక నువ్వు వదిలెయ్ బిడ్డా, నేను చూసుకుంటా" అంటాడు. నేనూ అన్నాను. పక్కింటివాళ్ళకు వినపడేంత గట్టిగా అన్నాను.

నా అర్హతలేమిటంటారా? తొంభైల్లో నేనూ ఎంసెట్ రాశాను. సీటు రాలేదు, ఎందుకంటే ర్యాంకు రాలేదు. కానీ విచిత్రం, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ర్యాంకు దానంతటదే మెరుగవుతూ వచ్చింది. పెళ్ళిచూపుల నాటికి "కొద్దిలో పోయింది" అయింది. అమ్మాయి పుట్టేనాటికి "ఒక్క సీటు తేడాలో పోయింది" దాకా వచ్చింది. ఇంకో పదేళ్ళు గడిస్తే సీటు వచ్చినా నేనే వద్దన్నానని చెప్పుకునేవాణ్ణేమో. కరెంటాఫీసులో బిల్లులు చూసుకునే మనిషిని కదా, ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే పారాసెటమాల్ ఎన్ని ఎంజీ వెయ్యాలో చెప్పేది కూడా నేనే.

అమ్మాయి ఆరో తరగతిలో ఉన్నప్పటి నుంచే ఉస్మానియా గురించి చెప్పేవాణ్ణి. 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూలుగా మొదలైందనీ, నిజాం కాలంలో క్లోరోఫాం కమిషన్లు పనిచేసింది ఈ ఊళ్ళోనేననీ. అది శ్రద్ధగా వినేది. వినక ఏం చేస్తుంది, బైకు మీద నా వెనకాలే కూర్చుని ఉండేది. కాలనీలో కూడా ప్రకటించేశాను: ఉస్మానియా, కుదరకపోతే గాంధీ. ఆ "కుదరకపోతే" అనడంలో నా ఔదార్యం గమనించాలి.

సరే, 2025 మే 4న పరీక్ష అయింది. ఫిజిక్స్ పేపరు చూసి పిల్లలు బావురుమన్నారు. ఫలితాలొచ్చాక చూస్తే దేశంలో మొదటి ర్యాంకు వాడికే 720కి 686. అంతకు ముందు ఏడాది సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2024లో మొదట 67 మందికి 720కి 720 వచ్చాయి, గొడవలయ్యాక ఆ లెక్క 17కి దిగింది. అంటే ఒక ఏడాది మార్కులు వరదలా వచ్చాయి, మరుసటి ఏడాది ఎండిపోయాయి. ఈ రెండేళ్ళ మార్కుల్ని పక్కపక్కన పెట్టి చూడకూడదని ఇంటర్ పిల్లలకి కూడా తెలుసు.

నేను సరిగ్గా ఆ పనే చేశాను. 2024లో ఏ కాలేజీలో చివరి సీటు ఎన్ని మార్కులకు పోయిందో ఒక ఎక్సెల్ షీటు తయారుచేశాను. పచ్చ రంగు అయితే వస్తుంది, పసుపు అయితే అనుమానం, ఎరుపు అయితే రాదు. అందులో మా అమ్మాయి మార్కులు వేశాను. షీటు దాదాపు అంతా కుంకుమ చల్లినట్టు ఎర్రగా అయిపోయింది.

"నాన్నా, మార్కులు కాదు, ర్యాంకు చూడు" అంది అమ్మాయి.

"నీకు తెలియదు, ఊరుకో" అన్నాను. అప్పుడే పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకున్న మనిషితో, ర్యాంకే తెచ్చుకోని మనిషి అన్న మాట ఇది.

పోనీ భయపడటానికి వ్యవధి తక్కువుంటే బాగుండేది. మెడికల్ సీట్లకు ఎవరు స్థానికులో తేల్చే కేసు సుప్రీంకోర్టులో ఉంది. సెప్టెంబరు మొదట్లో తీర్పు వచ్చేదాకా వెబ్ ఆప్షన్లు లేవు. అప్పటిదాకా నేనూ నా ఎర్ర షీటూ. రాత్రిళ్ళు లేచి లెక్కలు వేసేవాణ్ణి. ప్రభుత్వ కాలేజీ అయితే ఏడాదికి పదివేలు. ప్రైవేటులో కన్వీనర్ కోటా అయితే అరవై వేలు. అదీ జారిపోయి మేనేజ్‌మెంట్ కోటా అనే బి కేటగిరీలో పడ్డామా, పదకొండు లక్షల పైమాటే. అర్ధరాత్రి రెండింటికి ఫ్యాను కింద కూర్చుని మా సొంతిల్లు ఎన్ని సార్లు అమ్మానో! ఉస్మానియా తప్ప వేరే మాట ఎత్తని నోటితోనే "ఏదో ఒక సీటు దొరికితే చాలు దేవుడా" అనే స్థితికి వచ్చాను. డాంబికుడికీ పిరికివాడికీ మధ్య దూరం పెద్దగా ఉండదు. నాలో ఇద్దరూ ఒకే చొక్కా తొడుక్కుని తిరిగారు.

ఆప్షన్ల రోజు రానే వచ్చింది. అమ్మాయి ఒక నోట్‌బుక్ కాగితం మీద తన వరుస రాసుకొచ్చింది. అందులో మొదట వరంగల్ కాకతీయ ఉంది. ఉస్మానియా, గాంధీ దాని తర్వాత.

"ఇదేంటే?"

"అక్కడి ఎంజీఎం ఆసుపత్రికి ఉత్తర తెలంగాణ అంతా వస్తుంది నాన్నా. కేసులు బాగా చూడొచ్చు. అక్కడ చదివే అక్కతో మాట్లాడిన."

ఎంత సూటి కారణమో చూడండి. నా దగ్గర దీనికి సమాధానం లేదు. అందుకే సమాధానం చెప్పకుండా లాప్‌టాప్ నా వైపు తిప్పుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. వెబ్ ఆప్షన్లలో కంప్యూటర్ చేసేది చాలా చిన్న పని. ర్యాంకుల వరుసలో ఒక్కొక్కరినీ పిలుస్తుంది. నీ వంతు వచ్చాక నీ మొదటి ఆప్షన్‌లో నీ కేటగిరీకి ఖాళీ ఉంటే ఇచ్చేస్తుంది, లేకపోతే రెండోది చూస్తుంది, అదీ లేకపోతే మూడోది. ఒకప్పుడు విజయవాడ హెల్త్ యూనివర్సిటీకి పోయి, ర్యాంకు పిలిస్తే లోపలికెళ్ళి, మిగిలిన సీట్లలో నచ్చింది కోరుకునేవాళ్ళు చూడండి, అచ్చం అదే. కాబట్టి రాదనుకున్న కాలేజీని మొదట పెట్టినందువల్ల కింద ఉన్నదేదీ చేజారదు. నీ వెనక ర్యాంకువాడు దాన్ని మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్నా సరే, నీ తర్వాతే వాడు. అడిగింది ఒక్కటే: నీకు ఏది ఎక్కువ ఇష్టమో వరుసగా చెప్పు.

కానీ నా బుర్ర ఆర్టీసీ బుర్ర. దసరా ముందు జూబ్లీ బస్టాండులో కరీంనగర్ బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ విసిరి సీటు ఆపుకున్న తరం నాది. ముందు ఏదో ఒక సీటు మీద దస్తీ పడాలి, కిటికీ పక్కనా వెనక చక్రం మీదా తర్వాత సంగతి! అదే సూత్రం ఇక్కడా వాడాను. 2014లో తెలంగాణలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు అయిదే. తర్వాత 2022, 2023, 2024ల్లో జిల్లాకొకటి చొప్పున తెరుచుకుంటూ వచ్చి ముప్పై దాటాయి. అలాంటి కొత్త జిల్లా కాలేజీల్లో ఒకటి నా షీటులో లేత పచ్చగా కనిపించింది. పేరెందుకు లెండి, కాలేజీ తప్పేం లేదు. దాన్ని పట్టుకెళ్ళి ఒకటో నంబరులో పెట్టాను. "మనం మొదటే అడిగితే మనకే ఇస్తారు" అన్నాను. అలాంటివే ఇంకొన్ని దాని కింద. కాకతీయ ఎక్కడో అడుగున. "ఎలాగూ రాదు కదా" అన్నాను.

అమ్మాయి ఏమీ అనలేదు. వంటింట్లో మా ఆవిడ ఫోనుకు ఓటీపీ వచ్చింది. పిండి చేతుల్తోనే ఆవిడ గట్టిగా చదివింది. నేను కొట్టాను, సేవ్ చేశాను, ప్రింటు తీశాను, లామినేషన్ కూడా చేయించాను. ఆప్షన్ల కాగితానికి లామినేషన్ చేయించినవాడు రాష్ట్రం మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అలాట్‌మెంటు వచ్చింది. మొదటి ఆప్షనే! ఎగిరి గంతేశాను, స్వీట్లు తెప్పించాను, తమ్ముడికి ఫోను, బావమరిదికి ఫోను, "ఫస్ట్ ఆప్షన్ కొట్టేశాం" అని అపార్ట్‌మెంటు గ్రూపులో మెసేజీ, దాని కింద చప్పట్లు, దండాలు, బొకేలు, ఆ ఊపులో కాలేజీలవారీ లిస్టు పీడీఎఫ్ తెరిచి మా అమ్మాయి పేరు వెతుకుతూ వేలు జారి కాకతీయ పేజీలో పడ్డాను, కిందికి జరిపాను, మా కేటగిరీ, అమ్మాయిల సీటు, ర్యాంకు చూశాను, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను, ఇంకొంచెం కిందికి జరిపాను. మా అమ్మాయి కంటే వెనక ర్యాంకు. దాని కింద ఇంకొకరు. దాని కింద ఇంకొకరు.

గ్రూపులో ఇంకా బొకేలు వస్తూనే ఉన్నాయి.

ఇక్కడ నన్ను తిట్టుకోవాలనుకుంటే తిట్టుకోండి, కానీ ముందు మీ ఇంట్లో ఓసారి చూడండి. ఇష్టం ఏమిటని అడిగిన చోట భయం రాయనివాళ్ళు ఎంతమంది? పెళ్ళిచూపుల్లో, ఉద్యోగాల్లో, చివరికి హోటల్లో కూడా బిర్యానీ తినాలని ఉండి ఇడ్లీ చెప్పేవాళ్ళం మనం. నా తేడా అల్లా, నేను ఇంకొకరి బిర్యానీని ఇడ్లీ చేశాను.

అమ్మాయి ఆ పీడీఎఫ్ నాకంటే ముందే చూసిందట. నాకు చెప్పలేదు. ఫీజు కట్టి, సర్టిఫికెట్లు ఇచ్చి, హాస్టలుకు బకెట్టు, మగ్గు, పరుపు కొన్నాం. బకెట్టు రంగు నన్నే ఎంచమంది. అది వెటకారమో దయో ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఆల్ ఇండియా కోటాలో సీట్లొచ్చినవాళ్ళు కొందరు ఇక్కడివి వదిలిపోయారు. రెండో విడత పెట్టారు. అప్పటికే పాస్‌వర్డ్ మారిపోయింది. ఓటీపీ వచ్చినప్పుడు మా ఆవిడ వంటింటి తలుపు వేసుకుని, అమ్మాయి చెవిలో చెప్పింది. నేను హాల్లో టీవీ ముందు కూర్చుని వార్తలు విన్నట్టు నటించాను. అమ్మాయి తన నోట్‌బుక్ కాగితం వరుసే యథాతథంగా ఎక్కించిందట. కాకతీయలో సీటొచ్చింది. బకెట్టు, మగ్గు, పరుపు కట్టుకుని వరంగల్ వెళ్ళాం.

ఇక్కడితో నాకు బుద్ధి వచ్చిందనుకుంటున్నారేమో. కాలనీలో ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను: "మొదటి విడతలో ఒక సేఫ్ సీటు పట్టుకుని, రెండో విడతలో పైకి లాగాం. అదొక స్ట్రాటజీ." ఎంత హుందాగా చెబుతానంటే, ఒక్కోసారి నాకే నిజమనిపిస్తుంది.

మొన్న మూడో అంతస్తు ఆయన వచ్చాడు. వాళ్ళబ్బాయి ఈసారి నీట్ రాస్తున్నాడు. "అన్నా, కౌన్సెలింగ్ సంగతి మీరే చూడాలె" అన్నాడు. నేను కళ్ళజోడు సవరించుకుని, లాప్‌టాప్ తెరిచి, ఎక్సెల్ షీటు పైకి తీశాను. టీ తెచ్చిన మా ఆవిడ కప్పు ఆయన చేతికిచ్చి, "మా అమ్మాయి నంబరు రాసుకోండన్నా" అంది.