ఇంతకీ ఆయనెవరండీ?

నేను కథలు రాస్తాను. ఈ సంగతి ఊళ్లో కొందరికే తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఊళ్లో ఇంకా కాస్త గౌరవం మిగిలుంది.

నా కథల్లోకి ఎవరొచ్చినా ముందు నేనే ఎదురెళ్తాను. సుగుణమ్మ అనే ఆవిడ వచ్చిందనుకోండి, సహనశీలి, మృదుభాషిణి, పరుల కష్టం చూసి కరిగిపోయే ఇల్లాలు అని మూడు బిరుదులు తగిలిస్తే గానీ గుమ్మం దాటనివ్వను. పెళ్లిళ్ల పేరయ్య కూడా పిల్ల గురించి ఇంతే చెబుతాడు. తీరా లోపలికొచ్చాక సుగుణమ్మకు చేయడానికి పనేమీ ఉండదు. కథ అయిపోయేదాకా కుర్చీలో కూచుని నిట్టూరుస్తుంది.

మా ఆవిడ కథలు రాయదు. ఎదురింట్లోకి అద్దెకొచ్చినావిడ ఎలాంటి మనిషే అని మొన్న అడిగితే, బెండకాయలు తరుగుతూ తలెత్తకుండా చెప్పింది: "తోడుకి పెరుగు కావాలని చెంచా పట్టుకొచ్చింది. మన పెరుగు గిన్నె చూసి, వెనక్కెళ్లి గ్లాసు తెచ్చుకుంది."

అంతే. మంచిదనలేదు, చెడ్డదనలేదు. నాకు మాత్రం ఆవిడ నడకతో సహా కళ్లకు కట్టింది. ఆ రెండు వాక్యాల పని నేను చేయాలంటే రెండు పేజీలు, ఒక జోరువాన, ఒక ఫ్లాష్‌బ్యాక్ కావాలి.

గురజాడ అప్పారావుగారిదీ మా ఆవిడ పద్ధతే. ‘కన్యాశుల్కం’ నాటకం గనక, మధ్యలో దూరి గిరీశం ఇలాంటివాడు సుమా అని చెవిలో ఊదే వీలు ఆయనకు లేదు. ఆ అవసరమూ పడలేదు. విజయనగరం బొంకులదిబ్బ దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు గిరీశం తన ఇక్కట్లన్నీ తానే ఏకరువు పెడతాడు. వెంకటేశం కనబడగానే గొంతు మారిపోతుంది. మీ దగ్గర చుట్ట కాల్చడం తప్ప నేర్చుకున్నదేమీ లేదని శిష్యుడు మొరపెట్టుకుంటే, గురువుగారు చుట్ట మహిమ మీద ఉపన్యాసం ఎత్తుకుంటాడు. ఒంటరి గిరీశానికీ, శిష్యుడి ముందున్న గిరీశానికీ మధ్య తేడాలో అసలు మనిషి మనకు దొరికిపోతాడు. 1897లో అచ్చయిన ఆ నాటకాన్ని గురజాడ 1909 నాటికి దాదాపు కొత్తగా తిరగరాశారు. నేనైతే మొదటి చిత్తుప్రతి పూర్తికాగానే సన్మానానికి పంచె ఇస్త్రీ చేయించుకుంటాను.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారిది ఇంకో ఎత్తు. తన నవలలో మొగల్తూరు నుంచి బారిస్టరు చదువుకి ఇంగ్లండు బయల్దేరిన పార్వతీశం చేత తన కథ తానే చెప్పించారు. పాపం, తన తెలివితేటల మీద పూర్తి నమ్మకంతో చెప్పుకుపోతాడు. అతని అమాయకత్వం మనందరికీ కనబడుతుంది, అతనికి తప్ప. మునిమాణిక్యం నరసింహారావుగారి కథల్లోనూ అంతే, చెప్పేది భర్త, మనకు గుర్తుండిపోయేది భార్య కాంతం.

ఇవన్నీ చదివిన ధైర్యంతో నేనూ ఒక కథ రాశాను. చెప్పేది ‘నేను’ అనే భర్త. ఒక్క బిరుదు లేదు, అంతా చేతల్లోనే. పొద్దున్నే లేచి పెళ్లానికి కాఫీ కలిపిస్తాడు. బామ్మర్ది అప్పడిగితే లేదనడు. అత్తగారు ఊరెళ్తానంటే ఇంకో నాలుగు రోజులుండి వెళ్లమంటాడు. కథ పత్రికలో అచ్చయింది.

అత్తయ్యగారు చదివి, "కల్పన బాగా కుదిరింది బాబూ" అన్నారు. బామ్మర్ది ఫోన్ చేసి, "బావగారూ, అర్జెంటుగా ఆయన అడ్రసు కావాలి" అన్నాడు. మా ఆవిడ చివరిదాకా చదివి, పత్రిక మడిచి పక్కనపెట్టి అడిగింది.

"ఇంతకీ ఆయనెవరండీ?"

"నేనే."

"అలాగా! అయితే ఆ చేత్తోనే ఒక కప్పు కలిపి తీసుకురండి."

వంటింట్లోకి వెళ్లాను. ఒకేలాంటి స్టీలు డబ్బాలు వరసగా నిలబడి ఉన్నాయి. మొదటిది తీస్తే మినప్పప్పు. రెండోది ఇడ్లీరవ్వ. మూడోదాంట్లో తెల్లగా కనబడితే పంచదార దొరికిందనుకుని గర్వంగా రెండు చెంచాలు వేశాను. మా ఆవిడ ఒక్క గుక్క తాగి, కప్పు నా చేతికిచ్చింది.

"ఇప్పుడు రాయండి కథ. ఉప్పు కూడా పడింది" అంది.

కాబట్టి కథలు రాసే మిత్రులకు నాదొక మనవి. మీ కథానాయకుడు మంచివాడో కాదో మీరు చెప్పకండి. వాణ్ణి వంటింట్లోకి పంపి, పంచదార డబ్బా తెమ్మనండి. వాడి సంగతి చదివేవాళ్లే చెబుతారు.