చెక్ చైనన్న

సాయంత్రం పూట చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ బయట, టీ బండి పక్కన, ఒకాయన రెండు చేతులూ నేలవైపు దించి, వేళ్లు విడదీసి, నడుం వంచి మెల్లగా అడుగులేస్తుంటే ఏదో పారేసుకున్నాడనుకోకండి. కల్టివేటర్ నడుపుతున్నాడు. లెక్కపెట్టి చూడండి, తొమ్మిది వేళ్లే తెరిచి ఉంటాయి. తొమ్మిది కర్రుల కల్టివేటర్ కదా, పదో వేలు మడిచేశాడు. అంత నికార్సయిన మనిషి.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లుండే అశోక్‌నగర్ సందుల్లో హాస్టలుకొక సీనియరన్న ఉంటాడు. ఒకరికి రాజ్యాంగం పూనుతుంది, ఇంకొకరికి కాకతీయులు. మా వీధి అన్నకు దుక్కి పనిముట్లు పూనాయి. కుర్రాళ్లు చెక్ చైనన్న అని పేరు పెట్టుకున్నారు. వయసెంతన్నా అంటే పుట్టిన సంవత్సరం చెప్పడు, ఉద్యోగాల వయోపరిమితి 44 నుంచి 46కి పెరిగిన సంగతి చెబుతాడు. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాశాడు, పేపర్ల లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో రాశాడు, హైకోర్టు రద్దు చేసింది. 2024 జూన్‌లో మళ్లీ రాశాడు. రద్దుల గురించి ఆయనకు పెద్ద పట్టింపు లేదు. మూడుసార్లు రాసినా కల్టివేటర్ మీద ఒక్క బిట్టూ తగల్లేదే అన్నదే బాధ.

ఆయన గదిలో మంచాల మధ్య సందు కచ్చితంగా తొమ్మిది అంగుళాలు. కర్రుకూ కర్రుకూ మధ్య ఉండాల్సిన ఎడం అదేనట. రాత్రి నీళ్లకు లేచినవాడు అడ్డంగా తిరిగి పీతలా నడవాలి. ఎవరైనా గునిస్తే పాఠం మొదలవుతుంది. "తమ్మీ, తొమ్మిది కర్రులూ ఒకటే వరసల ఉంటే చెత్తంత ఇరుక్కుంటది. అందుకే ముందు బారుకు కొన్ని, వెనక బారుకు కొన్ని. చెత్త నడిమిలకెళ్లి జారిపోతది, సాళ్ల ఎడం మాత్రం తప్పది. గా క్లాంపు బోల్టు ఒక్కటి వదులైందనుకో, కర్రు పక్కకు జరుగుతది. అక్కడ దున్నని పట్టె మిగుల్తది. పైనుంచి చూస్తే చేనంత దున్నినట్టే కొడ్తది, గడ్డి మొలిచినంక తెలుస్తది అసలు కథ." ఈలోపు నీళ్లకు లేచినవాడి దాహం తీరిపోతుంది.

నల్లగొండ వైపు అన్నవాళ్లకు కొంత చెలక ఉంది. సేద్యమంతా అశోక్‌నగర్ నుంచి ఫోన్లోనే.

"నాయినా, ట్రాక్టరుకు చెక్ చైన్లు బిగించిర్రా?"

"ఏ చైన్లురా?"

"కింది లింకులకు అటొకటి, ఇటొకటి ఉంటయి గద!"

"అవునవును. ఒకటున్నది. ఇంకోదానితోని బర్రెను కట్టేసిన."

అన్న కళ్లు మూసుకుంటాడు. ఫోను డ్రైవరు చేతికి పోతుంది. డ్రైవరు మర్యాదస్తుడు. "అన్నా, నువ్వు చెప్పేది మంచిదే గానీ కిరాయి గంట లెక్కన. నువ్వు మాట్లాడినంత సేపు మీ నాయిన జేబుల పైసలే పోతున్నయి" అంటాడు. నాయిన ఫోను లాక్కుంటాడు.

నవ్వొచ్చినా ఆయన చెప్పేవన్నీ నిజాలే, అదే ఇబ్బంది. ట్రాక్టరు వెనక పనిముట్టును మూడు లింకులు పట్టుకుంటాయి. పైన ఉన్న టాప్ లింక్ పొట్టిదైతే కల్టివేటర్ ముక్కు దించుతుంది, ముందు కర్రులు లోతుకు, వెనకవి పైపైన. పొడుగైతే తలకిందులు. కుడివైపు లిఫ్ట్ రాడ్ తిప్పితే పక్కవాటం సరిపోతుంది. ఇక చెక్ చైన్లు. కింది లింకులు పక్కలకు ఊగకుండా ఆపేవి అవే. వదిలేస్తే మడి చివర పైకెత్తినప్పుడు పనిముట్టు ఊగి టైరుకు తగులుతుంది. అలాగని అన్నింటికీ ఒకటే బిగువు కాదు. మడక నాగలికి కాస్త వదులుండాలి, అది తన దారి తాను వెతుక్కుంటుంది. విత్తనపు గొర్రుకు బిగువుండాలి, లేకపోతే సాళ్లు వంకర్లు పోతాయి, నెల తిరిగాక గుంటక తోలితే కలుపుతో పాటు పైరూ పోతుంది. ఇంత వివరంగా చెప్పగల మనిషి కోచింగ్ సెంటర్లో ఫీజు కట్టి వెనక బెంచీలో కూర్చోవడం నాకు వింతగానే ఉంటుంది.

ఈ మూడు లింకుల పద్ధతిని నిలబెట్టిన ఐర్లండ్‌వాడు హ్యారీ ఫెర్గూసన్ ఆయనకు ఇలవేల్పు. ఫెర్గూసన్, హెన్రీ ఫోర్డ్ 1938లో కాగితమన్నది లేకుండా చేతులు కలిపారు, మరుసటేడు ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరు వచ్చింది. ఫోర్డ్ మనవడి హయాంలో పొత్తు చెడి, కోర్టుకెక్కి, 1952లో ఫోర్డు కంపెనీ 92.5 లక్షల డాలర్లు కట్టి బయటపడింది. "కాగితం లేని కౌలు ఎట్లుంటదో సూడు" అని అన్న వ్యాఖ్యానం. దీనికి నాయిన జవాబు ఒకటే: "మీ నాయనమ్మ జడ్డిగంల గింజలు పోస్తే ఏ సాలుకూ ఒక్క గింజ ఎక్కువ పడకపోతుండె. ఆమె ఏ ఫెర్గూసన్ దగ్గర నేర్చుకున్నది?" చెక్క గొర్రుకు వడ్లాయన కొట్టిన తొర్రలే కొలత. ఎడం మార్చాలంటే ఇంకో గొర్రే. జరిగే బోల్టు లేదు, బిగించే గొడవా లేదు.

ఈ మధ్య త్యాగరాయ గానసభలో ఏదో సన్మానానికి వెళ్లాడు, టీ బిస్కెట్లుంటాయని. వేదిక మీద కుర్చీలు ఎడంతప్పి ఉన్నాయట, ప్రాణం ఒప్పలేదు. ఎక్కి అన్నీ సర్దాడు. నిర్వాహకులు తమ మనిషే అనుకుని చివర్లో వందన సమర్పణ చేయమన్నారు. చేశాడు. అందులో టాప్ లింక్ ప్రస్తావన వచ్చిందని విన్నాను.

వానాకాలంలో మాక్ టెస్టు ఎగ్గొట్టి ఊరికెళ్లాడు. బర్రెకు తాడు కొనిచ్చి చైను విడిపించాడు. టేపు పెట్టి గొర్రు కర్రులు సరిచేశాడు, రెండు చైన్లూ బిగించాడు. ఆ ఏడు కంది సాళ్లలో గుంటక ఒక్క మొక్కను తాకకుండా పోయిందని నాయినే పక్కచేను వాళ్లతో చెప్పుకున్నాడు, కొడుకు ముందు మాత్రం కాదు.

లైబ్రరీ వైపు వెళ్తే ఆయన్ని తప్పక కలవండి, టీ మీరే ఇప్పించండి. ఊళ్లో మీకు ట్రాక్టరుందని మాత్రం నోరు జారకండి, ఆఖరి మెట్రో పోయేదాకా వదలడు.