‘ఏడవకు, ఎల్లి పరీక్ష రాసీ’: ఉద్దానం పిల్లలకు ఇవ్వకూడని సలహాలు

మార్చి వచ్చిందంటే పేపర్లలో ఆ వార్త కూడా వస్తుంది. ఇంటి ముందు తండ్రి శవం. కూతురు హాల్‌టికెట్ పట్టుకుని సెంటరుకు వెళ్లి, పదో తరగతి పరీక్ష రాసి వచ్చి, అప్పుడు అంత్యక్రియలకు నిలబడింది. శీర్షిక ‘పుట్టెడు దుఃఖంలోనూ’. ఆ పిల్ల ధైర్యాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ వార్త చదివిన పెద్దలు మరుసటి ఏడాది ఇంకో ఇంట్లో ఇంకో పిల్లాడి భుజం తట్టి ఇలా అంటారు: ‘ఏడవకురా నాయనా, ఎల్లి పరీక్ష రాసీ. మీ అయ్య ఆత్మ సంతోషిస్తాది.’ మన వైపు పిల్లలకు ఇచ్చే సలహాలన్నిటిలో చెడ్డది ఇదే.

వెళ్లకపోతే ఏమవుతుందో ఆ పిల్లాడికి ఎవరూ చెప్పరు. ఏడాది పోతుందనుకుంటాడు. పోదు. ఒక పేపరుకు గైర్హాజరైతే ఆ సబ్జెక్టు ఒక్కటే తప్పినట్టు లెక్క. పాసైన మిగతావి మళ్లీ రాయనక్కర్లేదు. 2025లో పరీక్షలు మార్చి 17న మొదలయ్యాయి, ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ మే 19న మొదలైంది. అంటే రెండు నెలల్లో ఆ ఒక్క పేపరూ రాసి ఆ ఏడాదే ఇంటర్లో చేరవచ్చు. ఇది చెప్పాక, ‘వెళ్లాలనుంటే నేను తోడొస్తాను, వద్దనుకుంటే మే నెలలో రాద్దువు’ అని ఇంటి పెద్ద అనాలి. నిర్ణయం పిల్లాడిది. ‘సప్లీ రాస్తే పరువు పోద్ది’ అనే చుట్టాల మాట ఆ రోజు వాడి చెవిన పడనీయకండి.

రెండో సలహా ఉద్దానంలో ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది: ‘బళ్లో సెప్పకు.’ కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు మనుషుల్ని తినేస్తోంది. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చలేదు. క్రియాటినిన్ అన్న మాట ఇక్కడ బడి మొహం చూడని ముసలమ్మకూ తెలుసు. తెలిసినా బయట చెప్పుకోరు. కిడ్నీ జబ్బున్న ఇల్లని పేరు పడితే సంబంధాలు రావు. అందుకే నాన్నకు డయాలసిస్ మొదలైన రోజునే, ఎక్కడా నోరు విప్పొద్దని ఆడపిల్లకు గట్టిగా చెప్పి బడికి పంపుతారు. అది ఉత్త భయమేమీ కాదు, నాకు తెలుసు. కానీ దాని బరువంతా మోసేది ఆ పిల్ల. ప్రీఫైనల్లో మార్కులు పడిపోతే మేస్టారు బద్ధకం అనుకుంటారు, ఇంటికి కబురు పెడతారు, ఇంటి దగ్గర మళ్లీ చీవాట్లు. ఊరందరికీ చెప్పమనడం లేదు. క్లాస్ టీచరుకో హెడ్మాస్టరుకో, ఒక్కరికి, విడిగా చెప్పండి. విన్న టీచరు ఆ మాటను స్టాఫ్‌రూములో కూడా అనకూడదు.

చెబితే ఏం ఒరుగుతుందంటారా? డయాలసిస్ మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. రానూపోనూ దారి కలిపితే పూటంతా అక్కడికే సరి. తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో కూలి మానుకోలేదు, అన్న హైదరాబాదులోనో చెన్నైలోనో పనిలో ఉంటాడు. మంచం పక్కన కూర్చునేది ఆడపిల్లే. ‘అక్కడ కూకొని సదువుకోమ్మా’ అంటారు. కళ్లముందు నాన్న బీపీ పడిపోతుంటే ఏ పిల్లకూ త్రికోణమితి తలకెక్కదు. పరీక్షల టైంటేబుల్ ముందే వస్తుంది కదా. ఆ తేదీలు వేసి హెడ్మాస్టరు సంతకంతో డయాలసిస్ కేంద్రానికి ఉత్తరం రాస్తే, ఆ రెండు వారాలూ నాన్నకు మధ్యాహ్నం షిఫ్టు ఇవ్వమని అడగొచ్చు. కుదరకపోవచ్చు, అయినా అడగాలి. వీధిలో ఇద్దరు కుర్రాళ్లు వంతులేసుకుని తోడు వెళ్లడం ఇంకా సులువు.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. హిరమండలం నుంచి ఊళ్లకు మంచినీళ్లు తెచ్చే పథకం పెట్టారు. డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను ఇచ్చారు. అన్నీ కావలసినవే. రోగి పక్కన కూర్చున్న విద్యార్థి కోసం మాత్రం పరీక్షల నిబంధనల్లో చోటు లేదు. బ్రిటన్‌లో పదహారేళ్ల పిల్లలు రాసే జీసీఎస్ఈ పరీక్షల్లో, ఇంట్లో దగ్గరి మనిషి పోయినా, తల్లికో తండ్రికో ప్రాణాంతకమైన జబ్బు ఉన్నా బడి దరఖాస్తు చేస్తుంది. పేపరు మొత్తం మార్కుల్లో 5 శాతం వరకు కలుపుతారు. మన వంద మార్కుల పేపర్లో 31 దగ్గర ఆగిపోయిన పిల్లకు అది పాసు. అలాంటి నియమం మన బోర్డూ రాయాలి, ఉద్దానం నుంచే ఆ అడగడం మొదలవ్వాలి.

పిల్లకే జబ్బు ఉంటే? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. తలసీమియా ఉంది, సికిల్ సెల్ ఉంది, కిడ్నీ జబ్బు లేదు. ‘సర్టిఫికెట్ రాదు, వదిలీ’ అనే సలహా ఇక్కడి నుంచే పుట్టింది. చేతికి దెబ్బ తగిలినా, రాయలేని స్థితి వచ్చినా, రాయడానికి మనిషిని ఇమ్మని డాక్టరు కాగితంతో బడి ద్వారా డీఈఓకు దరఖాస్తు పెట్టి చూడండి. వైకల్యం ఉన్నవాళ్లు రాయడానికి మనిషిని అడగాలంటే 40 శాతం సర్టిఫికెట్ తప్పనిసరి కాదని 2021లో సుప్రీంకోర్టు వికాశ్ కుమార్ కేసులో చెప్పింది. దొంగ సర్టిఫికెట్ కొనిపెడతామనేవాళ్ల జోలికి వెళ్లొద్దు. ఒకటి బయటపడితే తర్వాత నిజమైన రోగినీ నమ్మరు.

‘తుపాను అక్టోబరులో పోయింది, మార్చికి దానికీ ఏటి సంబంధం?’ ఇదీ విన్నదే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం అయ్యాయి. నాటు కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. కరెంటు రోజుల తరబడి లేదు, తండ్రులు వలస వెళ్లారు. 2019 మార్చిలో పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లలు ఆ తుపాను నుంచి ఇంకా బయటపడలేదు. ఇంట్లో తిండికి లేని ఏడాది జీడిపిక్కలు ఏరడానికి పిల్లలు కూడా వెళ్లారంటే అది సోమరితనం కాదు. కష్టం ఎన్నాళ్లుందో అడగాలి, ఏ రోజున వచ్చిందని కాదు.

‘అందరినీ పాస్ చేసేస్తార్లే’ అని చదువు మాన్పించేవాళ్లూ ఉన్నారు. 2020, 2021లో కోవిడ్ వల్ల పరీక్షలు రద్దయ్యాయి, అందరూ పాసయ్యారు. మళ్లీ అలా జరుగుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు.

పిల్ల తిండి మానేసినా, రాత్రుళ్లు నిద్రపోకపోయినా 14416కు ఫోన్ చేయండి, టెలి మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు. పిల్లలకు ఆపద ఉంటే 1098. ఇక హెడ్మాస్టరుకు రాసే కాగితంలో పొగడ్తలూ బతిమాలడాలూ అక్కర్లేదు: ఇంట్లో ఏం జరిగింది, ఎప్పటి నుంచి, పరీక్ష రోజుల్లో పిల్లకు ఏ సాయం కావాలి. తేదీ వేసి, తీసుకున్నట్టు సంతకం చేయించుకుని, నకలు ఇంట్లో దాచుకోండి.