అప్పు తీర్చువారికి ఉత్సాహోపదేశము

పెద్ద అప్పును కొంచెము కొంచెముగా తీర్చుచు, నడిమిలో విసిగి కాడి పడవేయక, తుదిదాక ఉల్లాసముతో సాగిపోవుట యెట్లో బోధించు గ్రంథములు పాశ్చాత్యదేశములందు కొల్లలుగా వెలువడుచున్నవి. గోడకు పటము తగిలించి, తీరిన బాకీ మేరకు గడులకు రంగు వేయుమని యొకరు, అద్దము ముందు నిలిచి తన్ను తాను మెచ్చుకొనుమని యొకరు సెలవిచ్చుచున్నారు. ఆ గ్రంథకర్తలకు మన కృష్ణాతీరపు పద్ధతులు తెలియవు గనుక, బెజవాడ మొదలు దివిసీమ కొస వరకు గల ఋణగ్రస్తుల యుపయోగార్థమై, వారు తరతరములుగా నిష్ఠతో నాచరించుచున్న సంప్రదాయములనే క్రోడీకరించి యీ యుపదేశమును వ్రాయుచున్నాను. అప్పు తీరునని నేను పూచీపడను. ఉత్సాహము తరుగదని మాత్రము ధైర్యముగా చెప్పగలను.

మొట్టమొదట, ఒంటరినను భావమును విడువుడు. సుమతీశతకకారుడు నివాసయోగ్యమైన యూరి లక్షణములను చెప్పుచు, వైద్యునికంటెను, ఎడతెగక పారు నేటికంటెను ముందుగా అప్పిచ్చువానినే పేర్కొనెను. మన డెల్టాలో వేసవి వచ్చెనేని యేరు ఇసుకతిన్నెయగును. వైద్యుని దర్శనమునకు చీటీ తీసికొని పూటంతయు కూర్చుండవలెను. అప్పిచ్చువానికి మాత్రము ఏ ఋతువునందును కొరత లేదు. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములోని వ్యవసాయ కుటుంబములలో నూటికి 93.2 అప్పులో నున్నవి. సగటు బాకీ కుటుంబమునకు 2,45,000 రూపాయలు దాటినది. రెండు లెక్కలందును దేశమున మనదే ప్రథమస్థానము. పెక్కు విషయములలో ప్రథమస్థానమునకై తహతహలాడు రాష్ట్రమునకు, ఎవ్వరును పోటీకి రాని పీఠ మిదియొక్కటే.

ఇక గణితము. వడ్డీని సంవత్సరపు లెక్కలో ఎన్నడును చూడరాదు. "నూటికి మూడు రూపాయలు" అని పలికినచో చెవికి ఎంత చల్లగా నుండును! మూడు రూపాయలకు బెజవాడ గవర్నరుపేటలో అర కప్పు టీ యైనను రాదు. అది నెలకని, సంవత్సరమునకు ముప్పదియారని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో నిద్ర చెడును. నిద్ర చెడినచో ఉత్సాహము చెడును. లక్ష రూపాయల అప్పునకు నెలనెల మూడువేలు తప్పక చెల్లించువాడు మూడేండ్లలో 1,08,000 ఇచ్చును. అసలు లక్ష ఎక్కడ నున్నది అక్కడనే యుండును. అయినను వీధిలో అతనికి "నాణెమైన మనిషి" యని పేరు వచ్చును, పెండ్లిపందిట ముందువరుసలో కుర్చీ వేయుదురు. ఎన్నడైన బుద్ధి పుట్టి, అసలులో ఒక అయిదువేలు తగ్గించెదనని నోరు జారెనేని ఋణదాత ముఖము చిన్నబోవును. "తొందరేవుంది బాబాయ్, వడ్డీ ఇస్తూనే ఉన్నావుగా, అసలెక్కడికి పోద్ది?" అనును. అంతటి ఆప్యాయతను కాదనుట మర్యాద గాదు. ఆ అయిదువేలతో ఇంటికి పోవుచు బీసెంటు రోడ్డున పిల్లలకు బట్టలు కొనుట ఆచారము.

ఋణశాస్త్రమున నాకు మిక్కిలి ప్రీతికరమైన యధ్యాయము ప్రామిసరీ నోటు. దానికి చట్టరీత్యా ఆయుర్దాయము మూడు సంవత్సరములు. అటుపిమ్మట కాలదోషము పట్టి, కోర్టుకు పనికిరాని చిత్తుకాగితమగును. కనుక రెండేండ్ల పదునొకండు నెలలు నిండిన తరువాత ఒక ప్రాతఃకాలమున ఋణదాత కాఫీవేళకు విచ్చేసి, పిల్లల చదువులు, పెద్దవారి మోకాళ్ల నొప్పులు, కాలువకు నీరెప్పుడు వదలుదురను విషయము సావకాశముగా ప్రసంగించి, లేవబోవుచు, "అన్నయ్యా, ఓ అయిదొందలు చెల్లు వెయ్యి, నోటు పాతబడిపోతోంది" అనును. అయిదువందలిచ్చి నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకము చేసిన ఋణగ్రస్తుడు ఆ కాగితమునకు మరల మూడేండ్ల యాయువు పోసినవాడగును. బాకీ తగ్గించితినన్న తృప్తి ఇతనిది, బాకీ బ్రతికినదన్న తృప్తి అతనిది.

అయిదువందలును లేనివారికి నోటు తిరుగవ్రాయు మార్గము కలదు. చక్రవడ్డీ మహాపాపమని ఇరుపక్షములవారును ఏకగ్రీవముగా నంగీకరించి, బారువడ్డీయే షరతుగా నుంచుకొని, మూడేండ్ల వడ్డీని అసలులో కలిపి, రెవెన్యూ స్టాంపు అంటించి, ఇద్దరు సాక్షులను, దస్తూరి వ్రాయువానిని కూర్చుండబెట్టి క్రొత్త నోటు వ్రాసికొందురు. మూడురూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష ఈ విధముగా మూడేండ్లకు 2,08,000, ఆరేండ్లకు 4,32,640, తొమ్మిదేండ్లకు తొమ్మిది లక్షలకు నూటతొమ్మిది రూపాయలు తక్కువ యగును. పాపము నెవ్వరును చేయలేదు. ప్రతిసారియు క్రొత్త కాగితము, క్రొత్త తేది; క్రొత్త జీవితము నారంభించుచున్నామను భావము కలుగుటకు ఇంతకంటె చవుకైన యుపాయము లేదు.

ఏ బాకీని ముందు తీర్చవలెనను ప్రశ్నకు అమెరికావారు రెండు సిద్ధాంతములు చేసిరి. చిన్న అప్పును ముందు తీర్చిన చిత్తోత్సాహము పెరుగునని కొందరు, పెద్ద వడ్డీదానిని ముందు తీర్చిన ధనము మిగులునని కొందరు. మొదటిదానికి వారు మంచుబంతి యని పేరు పెట్టిరి. మేనెలలో బ్లేజువాడ యనిపించుకొను మన పట్టణమున మంచుబంతి ఎంతసేపు నిలుచునో వారెరుగరు. మన క్రమము వేరు: వీధిలో నిలిచి అరచువానికి ముందు, అరవనివానికి వెనుక. బావమరది వడ్డీలేక ఇచ్చిన ఇరువదివేలు, అతడు అడుగలేడు గనుక, ఎన్నటికిని తీరవు. మోటారుసైకిలుపై ఇద్దరు మనుష్యులను పంపువాని సొమ్ము, ఎంత అన్యాయపు వడ్డీ యైనను, తెల్లవారకమునుపే తీరును. హరిశ్చంద్రుని వెంట విశ్వామిత్రుడు నక్షత్రకుని పంపుటలో నింతటి లోకజ్ఞత కలదు. చక్రవర్తియంతవాని యుత్సాహమునే వెంబడించువాడొకడు నిలుపవలసివచ్చెను గదా! మన రంగస్థలముపై జనులు హరిశ్చంద్రుని పద్యములకు కంటనీరు పెట్టుకొందురు; నక్షత్రకుని మాత్రము ఇంటింట గుర్తుపట్టుదురు.

ఒక యప్పు తీర్చుటకు మరియొక యప్పు చేయుట నిరుత్సాహమునకు పరమౌషధము, ఏలయన తీర్చితినన్న ఆనందము వెంటనే లభించును. చీటీలో చేరి, లక్ష రూపాయల చీటీని మొదటినెలలలోనే డెబ్బదివేలకు పాడుకొని, ఆ డెబ్బదివేలతో పాతబాకీ కొంత చెల్లించి, తక్కిన నెలలన్నియు పూర్తి వాయిదా కట్టవచ్చును. కూరగాయల గంపతో వ్యాపారము చేయు అమ్మకు ప్రత్యేక సౌకర్యము కలదు: పదివేలని వ్రాసికొని ఎనిమిదివేల అయిదువందలు చేతబెట్టుదురు, దినమునకు నూరు చొప్పున నూరుదినములు. దినమునకు నూరు రూపాయలేగదా! వడ్డీ సంవత్సరమునకు నూటికి నూరు దాటునని ఆమెకు చెప్పినవాడు లేడు. ఇంకను మెడలో గొలుసు మిగిలినవారు బ్యాంకునకు పోవుదురు. 1923లో పట్టాభి సీతారామయ్యగారు బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. బ్యాంకు పేరు మారినదిగాని తాకట్టు గొలుసు బీరువాలోనే యున్నది.

మనస్సు మరీ క్రుంగినపుడు ఏడుకొండలవానిని తలచుకొనుడు. పెండ్లికని కుబేరునియొద్ద అప్పుచేసి, కలియుగాంతము వరకు వడ్డీ మాత్రమే కట్టుచు, అసలు జోలికి పోకయే లోకారాధ్యుడైన దైవము మనకు కలడు. అయితే ఆయన వడ్డీని భక్తులు హుండీలో వేయుదురు. మన వడ్డీని మనమే కట్టవలెను. ఈ స్వల్పభేదమును విస్మరించుట భక్తికి మంచిది.

ఒక్క విషయమున నా కలము హాస్యమాడదు. 2015 డిసెంబరులో బెజవాడలో కాల్‌మనీ వ్యవహారము బయటపడెను. అడిగినతోడనే మొత్తము తిరిగి యీయవలెనను షరతుపై అప్పులిచ్చి, ఖాళీ చెక్కులు, ఖాళీ నోట్లు సంతకములతో తీసికొని, మితిలేని వడ్డీలు గుంజి, తీర్చలేని స్త్రీలను చెరిచినారన్న ఫిర్యాదులతో పోలీసులు కేసులు పెట్టిరి, శాసనసభ దద్దరిల్లెను. పరువుపోవునను భయమే ఆ స్త్రీల నోళ్లను అంతకాలము కట్టివేసినది. మనము ఉత్సాహమని పిలుచుకొనుచున్నది పెక్కుచోట్ల ఈ భయమే.

చరిత్ర చదువుట ఉత్సాహభంగకరము గనుక మానుడు. 1938లో, ఈ జిల్లాలు మద్రాసు రాష్ట్రములో నున్నపుడు, రాజాజీ ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము చేసి, పాత అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీని రద్దు చేసెను. అసలునకు రెట్టింపు సొమ్ము అప్పటికే ముట్టియుండినచో బాకీ యావత్తును తీరినట్లే యని శాసించెను. క్రొత్త అప్పులకు వడ్డీ సంవత్సరమునకు ఆరుంబావు దాటరాదనెను. ఆ లెక్కతో మీ నోటును మీరు కొలుచుకొన్నచో, మూడురూపాయల వడ్డీ కట్టుచున్న నాణెమైన మనిషికి ఆరవయేట మతి చలించును. దానికి బదులు ఋణమాఫీలకై నిరీక్షింపుడు. 2008లో కేంద్రప్రభుత్వము చేసిన మాఫీ 2007 డిసెంబరు 31 నాటికి గడువుమీరిన బాకీలకే వర్తించినందున, కాలమునకు కట్టిన రైతు పత్రికలో ఆ వార్త చదివి సంతోషించెను. 2014లో రాష్ట్రము కుటుంబమునకు లక్షన్నర వరకు మాఫీ ప్రకటించెను. రెండును బ్యాంకుల, సహకారసంఘముల బాకీలకేగాని మోటారుసైకిలువానికి వర్తింపలేదు.

ఐపీ, అనగా దివాలా అర్జీ, పెట్టుట మరియొక మార్గము. 1920 నాటి దివాలా చట్టము ప్రకారము అయిదువందల బాకీయున్నవాడును అర్జీ పెట్టవచ్చును. కాని చిన్నవాడు పరువునకు వెరచి పెట్టడు. వీధివీధియంతయు చీటీలు కట్టించుకొన్న పెద్దవాడు పరువు నిలుపుకొనుటకే పెట్టును.

ఇంత చదివియు నిజముగా తీర్చవలెనను పట్టుదల మిగిలిన చదువరికి ఒక మనవి. వచ్చు నెల వడ్డీతోపాటు ఎంత చిన్నమొత్తమైనను అసలునకు కట్టి, అది అసలునకే జమయని నోటు వెనుక ఋణదాతచేత వ్రాయించి సంతకము చేయించుకొనుడు. కట్టుట పూర్తియైననాడు నోటును, మీరిచ్చిన ఖాళీ చెక్కులను చేతికి తెచ్చుకొనక ఆ గుమ్మము దిగకుడు.